ఉప్పు చూసేవాళ్లం

బటాలాలో పొగమంచుకి ఇనుము వాసన.
రాత్రి షిఫ్టు దిగి ఫౌండ్రీ గేటు దాటితే
మా చేతుల నలుపే మాకంటే ముందు నడుస్తుంది
తర్సేమ్ లాల్ పూరీ కొట్టు దాకా.

పోయిన ఏడు వచ్చిన జ్వరం
తర్సేమ్ ముక్కునీ నాలుకనీ పట్టుకుపోయింది.
మనిషిని వదిలేసింది, పొయ్యిని వదిలేసింది.
"నయమే, చెవులున్నాయిగా" అన్నాడు.

అప్పట్నించి చెవులతోనే వంట.
నూనెలో జీలకర్ర చిటపటలాడి
గొంతు తగ్గించుకునే క్షణాన ఇంగువ వేస్తాడు.
అల్లం, పచ్చిమిర్చి వేగుతున్నంతసేపూ
ఎవరు పలకరించినా పలకడు.
టమాటా మొదట గుబగుబలాడుతుంది,
తర్వాత బుసబుస,
ఆఖరికి అంచున నూనె తేలి సన్నగా ఈల.
అదిగో, అప్పుడు
ఉడికిన ఆలుగడ్డల్ని కత్తి ముట్టకుండా
పిడికిట్లో నలిపి వేస్తాడు.
కోస్తే ముక్క ముక్కగానే ఉండిపోతుందట.
నలిపితేనే పులుసుకి మనసిస్తుందట.

కచ్చాపచ్చా ధనియాలు, ఎండు మామిడి పొడి.
చివర్న కసూరీ మెంతి
అరచేతుల మధ్య నలిపి
అలవాటుకొద్దీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంటాడు.
ఒక్క క్షణం అలాగే ఆగిపోతాడు.
ఏమీ లేదన్నట్టు గిన్నెలో రాలుస్తాడు.
మేం ఆ క్షణంలో బెంచీ మీది గీతలు చూసుకుంటాం.

పూరీల సంగతి కళ్లు చూసుకుంటాయి.
వాము కలిపిన గట్టి పిండిని
నూనె అద్ది కమలేశ్ వత్తి ఇస్తుంది.
మూకుట్లో పడ్డ పూరీ మునిగి
కాసేపు ఆలోచించుకుని
గరిటె వీపు తట్టగానే
బుంగమూతి పెట్టుకుని పైకి తేలుతుంది.
తేలనిది, ఉబ్బనిది ఎవరి ఆకులోనూ వెయ్యడు.
అది పక్కన పెట్టుకుంటాడు. కొట్టు కట్టేశాక
ఆయనా కమలేశూ తినేది అవే.

ఉప్పొక్కటే చిక్కు.
చెవికి వినపడదు, కంటికి ఆనదు.
అందుకే రోజుకొకరం ఉప్పు చూస్తాం.
కశ్మీరా సింగ్ ఎప్పుడూ ఓ చిటికెడు తక్కువంటాడు.
యూసఫ్ మసీహ్ కళ్లు మూసుకుని
ప్రార్థనంత సేపు నాలుక మీద ఉంచుకుంటాడు.
నేను చాలంటాను, ఆకలి మీద ఉంటాను కాబట్టి.

జనవరిలో ఒకనాడు
కొలిమి మొరాయించి మేం ఆలస్యమయ్యాం.
కమలేశ్ ధారీవాల్ చెల్లెలింటికి వెళ్లింది.
ఒంటరిగా వండాడు. వేశానో లేదోనని
మళ్లీ వేసినట్టున్నాడు.
తొలి ముద్దకే
కశ్మీరా సింగ్ నా వంక చూశాడు,
నేను యూసఫ్ వంక,
యూసఫ్ దొప్పలోకి.

"ఎలా ఉంది?"
"రోజూలానే."
యూసఫ్ ఇంకో రెండు పూరీలు అడిగాడు.
కశ్మీరా సింగ్ లస్సీ చెప్పాడు, ఇంకోటి చెప్పాడు.
నేను లేచి నీళ్ల డ్రమ్ము దాకా వెళ్లొచ్చాను,
నాలుగుసార్లు.
ఇన్నాళ్లూ అతని ఉప్పు తిన్నవాళ్లం,
ఉప్పెక్కువైందని ఏ నోటితో చెబుతాం?

పఠాన్‌కోట్ బండి ఇంకా కూత పెట్టలేదు.
చేతులు కడుక్కుందామని తర్సేమ్
డ్రమ్ము కుళాయి తిప్పాడు.
రెండు చుక్కలు.
గరిటెతో డ్రమ్ము మీద ఒక్కటి తట్టాడు.
బోలుగా, పొడుగ్గా మోగింది.
తల వంచి ఆ మోతంతా అయ్యేదాకా విన్నాడు.

ఉప్పు వినపడింది.

"దొంగల్లారా" అన్నాడు, "ముగ్గురూ దొంగలే."
పూరీ తునక కూరలో ముంచి
నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.
మొహంలో ఏదీ కదల్లేదు.
అప్పుడు బుట్టలోంచి ఇంకో ఆరు ఆలుగడ్డలు తీసి
మా మసి చేతులు కడిగించి
తలా రెండు నలపమన్నాడు.

ఆ ఉదయం
ఉబ్బని పూరీ ఒకటి నా ఆకులో పడింది.
శిక్షో, చుట్టరికమో
నేను అడగలేదు.